సహసంబంధ గుణకం ‘ఆర్’ గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ఆర్ గారికి,

మీరు నన్ను గుర్తుపట్టరు. రెండు రాశులు ఒకదాని వెంట ఒకటి ఎంతగా నడుస్తాయో మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఉండే ఒక్క అంకెతో చెప్పడం మీ ఉద్యోగం. అందుకే మీకు జతలే కనిపిస్తాయి, ఒంటరివాళ్లు మీ లెక్కలోకి రారు. సాంఖ్యక శాస్త్రం మొదటి పరీక్షలో మీ విలువ 0.7 వస్తే ‘డెబ్బై శాతం సంబంధం ఉంది’ అని ధీమాగా రాసి, ఎర్ర సిరా సున్నా తెచ్చుకున్నది నేనే. మిమ్మల్ని వర్గం చేశాక గానీ శాతంగా చదవకూడదట. చేస్తే 0.49. అంటే ఒక రాశిలోని హెచ్చుతగ్గుల్లో సగానికి కూడా రెండో రాశి లెక్క చెప్పలేకపోతోంది. పైకి డెబ్బైలా కనిపిస్తూ లోపల నలభై తొమ్మిదే దాచుకోవడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక 0.3 అయితే మిగిలేది తొమ్మిదే. ఆ తొమ్మిదిని పట్టుకుని ‘సంబంధం తేలింది’ అంటూ ఎన్ని శీర్షికలు వెలిశాయో మీకే తెలియాలి.

రెండో తప్పు కూడా మీ పుణ్యమే. ఒక్కో జతను ఒక్కో చుక్కగా పెట్టి, వాటి మధ్యగా గీసే గీత మీరు ఎంత పెద్దవారైతే అంత నిటారుగా లేస్తుందని చాలాకాలం నమ్మాను. నిటారుతనం వాలు గారి శాఖ అని, చుక్కలు గీతను ఎంత దగ్గరగా అంటిపెట్టుకున్నాయో చెప్పడమే మీ శాఖ అని ఆలస్యంగా తెలిసింది. దాదాపు చదునుగా పడుకున్న గీతకూ మీరు 0.99 ఇస్తారు, కొండెక్కే గీతకూ 0.2 ఇస్తారు. ఒక రాశిని సెంటీమీటర్ల నుంచి అంగుళాల్లోకి మారిస్తే వాలు గారు కంగారుపడి అంకె మార్చుకుంటారు. మీరు రెప్ప కూడా ఆర్పరు. పోనీ మీ ఇద్దరికీ చుట్టరికం లేదా అంటే, అడ్డంగా కొలిచే రాశిని ఎక్స్ అని, నిలువుగా కొలిచేదాన్ని వై అని అనుకుంటే, మిమ్మల్ని వై ప్రామాణిక విచలనంతో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతతో) గుణించి ఎక్స్ ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేది వాలు గారే! ఇంత దగ్గరి బంధువులై ఉండి, ఎవరి పని ఏమిటో గుమ్మం మీద ఒక బోర్డు రాసి పెట్టుకోకూడదా?

మీ వంశ చరిత్ర కూడా తిరగేశాను. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో 205 జంటల తల్లిదండ్రులను, వారి ఎదిగిన పిల్లలు 928 మందిని తీసుకుని ఎత్తులు పోల్చాడు. సగటు కన్నా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు పొడవే గానీ, ఆ తేడాలో సుమారు మూడింట రెండు వంతులే వారికి దక్కింది. సగటు వైపు ఈ మళ్లింపుకు ఆయన పెట్టిన పేరే (రిగ్రెషన్) మనకు ప్రతిగమనం. వెనక్కి నడవడం అని అర్థమున్న పేరు పెట్టుకుని, ముందు జరగబోయేది చెప్పే ఉద్యోగం చేస్తున్నది ప్రపంచంలో మీ కుటుంబం ఒక్కటే. చుక్కల మధ్య గీతను గీసే కనిష్ఠ వర్గాల పద్ధతి (చుక్కలకూ గీతకూ ఉన్న తేడాల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా గీయడం) మీద అంతకుముందే తగాదా నడిచింది. ఫ్రెంచి గణితజ్ఞుడు లెజెండర్ 1805లో అచ్చు వేస్తే, నేను 1795 నుంచే వాడుతున్నాను అని జర్మన్ గణితజ్ఞుడు గాస్ 1809లో ప్రకటించాడు. అచ్చుకు ముందు వాడుకకు పత్రం చూపించమంటే ఇప్పటికీ ఇబ్బందే. మీ సూత్రాన్ని ఈనాటి రూపంలో 1896లో నిలబెట్టింది ఇంగ్లండు సాంఖ్యక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్.

ఆ మళ్లింపు సంగతి మీరు బయటికి చెప్పకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. మార్కులు మరీ తక్కువ వచ్చిన పిల్లవాణ్ణి తిడతాం, మరుసటి పరీక్షలో కాస్త పెరుగుతాయి. చాలా ఎక్కువ వచ్చిన అమ్మాయిని మెచ్చుకుంటాం, కాస్త తగ్గుతాయి. తిట్టు పనిచేసింది, పొగడ్త చెడగొట్టింది అని తేల్చేసుకుంటాం. రెండు పరీక్షల నడుమ మీ విలువ ఒకటి కన్నా తక్కువ కావడమే ఇందుకు చాలు. తిట్లకు దక్కిన ఆ కీర్తి మీదే అయినా, ఏనాడూ అడిగి తీసుకోలేదు!

సహసంబంధం అంటే కార్యకారణ సంబంధం కాదన్న హెచ్చరిక ఎలాగూ ఉంది. పాఠం చివర, కుంజరః అన్నంత మెల్లగా. పదిహేడు ఐరోపా దేశాల్లో కొంగల జతల సంఖ్యకూ, ఏటా పుట్టే పిల్లల సంఖ్యకూ మీరు 0.62 ఇచ్చారని 2000లో ఒక వ్యాసం వచ్చింది. దేశం పెద్దదైతే కొంగలూ ఎక్కువే, పసిపిల్లలూ ఎక్కువే. మన భాషలో కాకతాళీయం అనే మాట ఉండనే ఉంది. కాకి బదులు కొంగ వాలింది, అంతే.

కొంగల విషయంలో మిమ్మల్ని నిందించను, అడిగినదానికి జవాబు చెప్పారు. అడగనిది చెప్పకపోవడమే నా ఫిర్యాదు. మైనస్ మూడు నుంచి మూడు వరకు పూర్ణ సంఖ్యలను ఎక్స్‌గా, వాటి వర్గాలను వైగా ఇచ్చాను. ఎక్స్ తెలిస్తే వై చిటికెలో తెలుస్తుంది. మీరేమో ‘సున్నా’ అన్నారు. సరళరేఖ తప్ప మరో సంబంధం మీ కంటికి ఆనదని ఆ క్షణాన అర్థమైంది.

1973లో సాంఖ్యక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ మీకు పెట్టిన పరీక్ష ఇంకా ఘోరం. నాలుగు పట్టికలు, ఒక్కోదానిలో పదకొండు జతలు. నాలుగింటికీ మీరు 0.816 అన్నారు. గీత గారు కూడా మీతో కూడబలుక్కున్నట్టు నాలుగుసార్లూ ‘వై అంటే 3, దానికి ఎక్స్‌లో సగం కలపండి’ అన్నారు. చుక్కలు పెట్టి చూస్తే మొదటిది మామూలు గుంపు. రెండోది చక్కటి వంపు, గీతతో దానికి పనే లేదు. మూడోదానిలో పది చుక్కలు బుద్ధిగా వరుసలో నిలబడితే, ఒకటి ఎగిరి గీతను తన వైపు లాక్కుంది. నాలుగోదానిలో పది చుక్కలు ఎక్స్ విలువ 8 దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పదకొండోది దూరంగా 19 దగ్గర ఉంది. ఇంత గందరగోళం చూసి కూడా మూడో దశాంశం దాకా మీ గొంతు వణకలేదు.

అందుకే ఈ విన్నపం. ఇకపై ఏ నివేదికలోకి వెళ్లినా చుక్కల పటాన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఒంటరిగా వచ్చి గుమ్మంలో నిలబడితే, మంచినీళ్లిచ్చి పంపించేస్తాను.

ఇట్లు,
మీ వల్ల ఒక సున్నా పొందిన
పాత విద్యార్థి

తా.క.: నాలుగో పట్టికలో ఆ పదకొండో చుక్కను తీసేసి మిమ్మల్ని మళ్లీ లెక్కించాను. మిగిలిన ఎక్స్‌లన్నీ 8 కాబట్టి విచలనం సున్నా, సున్నాతో భాగించాల్సి వచ్చింది. 0.816 తగ్గలేదు, అసలు మీరే లేకుండా పోయారు. ఆ చుక్కకు జలుబు కూడా చేయకుండా చూసుకోండి.