వ్రతానికి ఒక బిళ్ళ, మనిషికి ఒక గుసగుస

తెలుగువాళ్లకు హార్మోన్ల గురించి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సత్యనారాయణ వ్రతానికి ముహూర్తం ఖాయమైన రోజు మన ఇళ్లలో నడిచే చర్చ వింటే మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లు కూడా నోట్సు రాసుకుంటారు. "నీకు డేటెప్పుడమ్మా?" అని అత్తగారు హాల్లోనే అడుగుతారు. కోడలు చెబుతుంది. మామగారు పంచాంగం తిప్పుతారు. రెండు లెక్కలూ ఢీకొన్నాయని తేలగానే మరిది స్కూటర్ తీస్తాడు. నెలసరిని వాయిదా వేసే నోరెథిస్టిరాన్ బిళ్ళ, 5 మిల్లీగ్రాములది, రోజుకు మూడు, డేటుకు మూడు రోజుల ముందు నుంచి. డాక్టరు చీటీ అంటారా? దైవకార్యానికి చీటీ అడగడం అపచారం కాదూ!

ఆ బిళ్ళ ప్రొజెస్టిరాన్‌కు నకలు. ఒంట్లో ఆ హార్మోను అండ ఉన్నంతకాలం గర్భాశయం లోపలి పొర నిలబడుతుంది. బిళ్ళ మానేసిన రెండు మూడు రోజులకు పొర ఊడి నెలసరి వస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. ప్రసాదం రవ్వ వేయించే హడావిడిలో ఆ సంగతి అడిగే తీరిక ఎవరికుంటుంది?

అదే ప్రొజెస్టిరాన్‌ను అడ్డుకుని గర్భస్రావం చేయించే మందు ఒకటుంది. దాని దగ్గరికొచ్చేసరికి ఇంతటి పండిత కుటుంబమూ మూగబోతుంది. హాల్లో టీవీ సౌండు పెంచుతారు. మరిదిని పిలవరు. భర్తే వెళ్తాడు, అదీ మూడు వీధుల అవతల షాపుకి.

మందు పేరు మిఫెప్రిస్టోన్. ఫ్రాన్స్‌లో రూసెల్ ఉక్లాఫ్ కంపెనీ తయారుచేసింది. 1988లో అక్కడ అనుమతి వచ్చిన దాదాపు నెలరోజులకే నిరసనలకు జడిసి కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటే, ఆరోగ్య మంత్రి క్లోడ్ ఎవాఁ అది స్త్రీల నైతిక సొత్తని చెప్పి మళ్లీ మార్కెట్లో పెట్టించాడు. మన దేశం 2002లో అనుమతించింది. ఇక్కడ రోడ్డెక్కి గొడవ చేసినవాళ్లు పెద్దగా కనబడలేదు. గొడవ చేయాలంటే దాని పేరు పైకి పలకాలి కదా.

ఇది పనిచేసే తీరు మనకు కొత్తేమీ కాదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడమే. గర్భాశయం కణాల్లో ప్రొజెస్టిరాన్ కూర్చోవాల్సిన సీటు ఉంటుంది, రిసెప్టర్ అంటారు. మిఫెప్రిస్టోన్ హార్మోను కంటే గట్టిగా ఆ సీటు పట్టేస్తుంది, కానీ హార్మోను చేసే పని చేయదు. ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఎంత ఉన్నా నిలబడి చూడాల్సిందే. గర్భాన్ని పట్టి ఉంచే పొర సడలుతుంది, గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతుంది. 24 నుంచి 48 గంటల తర్వాత వేసుకునే రెండో మందు మిసోప్రోస్టాల్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి మిగతా పని పూర్తిచేస్తుంది. కార్టిసాల్ అనే ఇంకో హార్మోను సీటునూ ఈ మందు వదలదు. అందుకే ఏళ్లతరబడి స్టెరాయిడ్లు మింగుతున్నవాళ్లకు, అడ్రినల్ గ్రంథులు పనిచేయనివాళ్లకు ఇది ఇవ్వరు.

ఇవన్నీ కౌంటర్లో కుర్రాడు అడుగుతాడనే మన ధీమా. అతను అడిగేది ఒక్కటే: "ఏ కంపెనీది కావాలన్నా?"

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయి. అందులో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే. అంటే దేశంలోకెల్లా పెద్ద ప్రసూతి విభాగం మెడికల్ షాపు గల్లాపెట్టె పక్కనే నడుస్తోంది. ఆ కుర్రాడికి గౌరవ డాక్టరేట్ ఇవ్వకపోవడం మన విశ్వవిద్యాలయాల కృతఘ్నత.

మందును తిట్టడం నా ఉద్దేశం కాదు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేసి 9 వారాల లోపు, డాక్టరు చూసి ఇస్తే నూటికి దాదాపు 95 మందికి సాఫీగా పనిచేస్తుంది. అయితే గర్భం గర్భాశయంలో కాకుండా దాని పక్క ట్యూబులో ఉంటే ఈ మందు దాన్ని కదిలించలేదు. ట్యూబు పగిలేముందు వచ్చే నొప్పిని "మందు పనిచేస్తోంది, ఓర్చుకో" అని సర్దిచెబుతారు. స్కాన్ తీస్తే ముందే తెలిసేది. కానీ ఏ స్కానింగ్ సెంటరుకెళ్లినా అక్కడ మన మేనమామ తోడల్లుడు పనిచేస్తుంటాడు! గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ మాట ఈ రెండు మందులూ కలిపి అమ్మే కిట్టులోని కాగితం మీద ఉన్నా, భూతద్దం కావాల్సిన ఇంగ్లీషులో ఉంటుంది.

ఈలోగా ఇంటి సైంటిస్టులు ఊరికే కూర్చోరు. గర్భం రాకుండా కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే బిళ్ళా ఇదీ ఒకటేనంటారు. ఆ బిళ్ళలోని లెవోనార్జెస్ట్రెల్ ప్రొజెస్టిరాన్ చుట్టమే. అది అండం విడుదలను వాయిదా వేస్తుంది, అప్పటికే గర్భం వచ్చి ఉంటే ఏమీ చేయదు. ఇంకొకరు ఈ కిట్టు వాడితే గర్భసంచి ఎండిపోతుందంటారు. నిజానికి మందు ప్రభావం తీరాక, తర్వాతి నెలసరి రాకముందే మళ్లీ గర్భం రావచ్చు. ఎండిపోయిందన్న ధైర్యంతో జాగ్రత్త మానేసినవాళ్లు మళ్లీ మూడు వీధుల అవతలికి వెళ్తారు.

ఇక చట్టం. 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ "భర్త" అనే మాట తీసి "భాగస్వామి" అని రాసింది. 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. ఆమె వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలు కూడా ఉంది. ఇంత చదువుకుని, ధైర్యం చేసి ఆసుపత్రికి వెళ్లిన అమ్మాయిని రిసెప్షన్లో మొదట అడిగేది "మీవారు రాలేదా? సంతకం కావాలి" అనే. ఆ సంతకం ఏ సెక్షన్ కింద అని అడిగితే "మా దగ్గర రూలంతే మేడమ్" అంటారు. మెడికల్ షాపులో ఆ బాధ లేదు. అక్కడ ఎవరి సంతకమూ అక్కర్లేదు, డాక్టరుది కూడా.