ఎనిమిదేళ్ల పిల్లకి కడబూర భయం పెట్టిందెవరు?

రాత్రి రెండుంబావుకి రేణిగుంట వైపు గూడ్సు బండి కూత పెట్టుకుంటూ పోయింది. మా ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. ఆ కూత మాకు కొత్త కాదు, మా పాప పుట్టినప్పటి నుంచీ అది వింటూనే నిద్రపోతుంది. నిన్న మాత్రం దిగ్గున లేచి కూర్చుంది. "అమ్మా, కడబూరా?" అంది. ప్రభువు తిరిగొచ్చే రోజున మోగుతుందని బైబిల్లో ఉన్న ఆఖరి బూర అది. అది మోగగానే నమ్మినవాళ్లు పైకి ఎత్తబడతారని మా సంఘంలో చెబుతారు. లైటేసి చూస్తే నా చున్నీ కొస దాని మణికట్టుకి కట్టి ఉంది. రెండు ముళ్లు. ఎందుకు తల్లీ అంటే, "నువ్వు పైకి పోతే నేనూ నీతో వచ్చేస్తా కదా" అంది.

మూడో తరగతి చదివే పిల్ల. నేను నిద్రపోయేదాకా కాచుకుని, చీకట్లో ఒక్కతే ఆలోచించుకుని, ముడేసుకుని పడుకుంది. నేను నర్సుని. పొద్దున డ్యూటీలో పేషెంటుకి క్యాన్యులా సూది పెడుతుంటే కూడా నా కళ్ల ముందు ఆ ముడే. కోపం ఇంకా తగ్గలేదు. అందుకే రాస్తున్నాను, మా చర్చి సంఘంవాళ్లు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం ప్రత్యేక కూడిక పెట్టారు. వేరే ఊరి నుంచి ఒక అయ్యగారు, అంటే పాస్టరు, వచ్చారు. నేను డ్యూటీలో ఉన్నాను, అత్తమ్మ పాపని తీసుకెళ్లింది. జరిగిందంతా గ్రూపులో పెట్టిన వీడియోలో చూశాను. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి తెర మీద బొమ్మ వేశారు. ఖాళీ మంచం, మంచం కింద చెప్పులు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, ఒక పిల్ల గుమ్మంలో నిలబడి అమ్మా అమ్మా అని అరుస్తోంది. అక్కడ ఆపి అయ్యగారు అడిగారు: "ఈ రాత్రే బూర మోగితే మీ అమ్మ ఎత్తబడుతుంది, నువ్వు విడవబడతావు. అప్పుడేం చేస్తావు?" పిల్లలు ఏడ్చారు. ఇది ఆత్మ చేస్తున్న పని అన్నారాయన. అయ్యగారూ, అమ్మ పోతుందంటే ఏ బిడ్డైనా ఏడుస్తుంది. దానికి దేవుని ఆత్మ పేరు పెట్టకండి.

పొద్దున్నే గ్రూపులో అడిగాను, చిన్నపిల్లలకి ఇది అవసరమా అని. ఒక తమ్ముడు వెంటనే, "అక్కా, భయం లేకపోతే మారుమనస్సు ఎలా వస్తుంది, దేవుని భయమే కదా తెలివికి మూలం" అన్నాడు. తమ్ముడూ, మన బైబిల్లో సామెతల గ్రంథం తెరిచి చూడు. అక్కడున్న మాట భయభక్తులు. రెండూ కలిసి ఒక్క మాట. అందులోంచి భక్తిని తీసి పక్కన పెట్టి, ఒట్టి భయాన్ని నా కూతురి చేతిలో పెట్టి ఇంటికి పంపించారు.

ఇంకో సంగతి. బూర మోగడం, మేఘాల మీద ఎత్తబడడం, ఇదంతా ఎక్కువగా చదివేది బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, మొదటి థెస్సలొనీకయుల నాలుగో అధ్యాయంలోంచే కదా. పౌలు దాన్ని ఎవరికి రాశాడు? తమవాళ్లు చనిపోయారని, ఇక కనపడరేమోనని కుమిలిపోతున్న మనుషులకి. చావు ఇంటికి రాసిన పరామర్శ ఉత్తరం అది. చివరి మాట ఏంటి? "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి." పద్దెనిమిదో వచనం. అయ్యగారు పదహారు చదివారు, పదిహేడు చదివారు, పద్దెనిమిది రాకముందే బైబిలు మూసేశారు. వీడియో మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను. మూసేశారు.

నాకు ఈ భయం తెలియనిది కాదు. నాకూ ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు, చిత్తూరు దగ్గర మా పల్లెలో, స్కూలు నుంచి ఇంటికొస్తే తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. అయిపోయింది, ప్రభువు రాకడ జరిగిపోయింది, నన్ను వదిలేసి పోయారు అనుకున్నాను. ఊర్లో అందరికన్నా భక్తి గల మనిషి మా అవ్వ. అవ్వ ఉందంటే ఇంకా ఏమీ జరగలేదని లెక్క. పుస్తకాల సంచి అక్కడే పడేసి పరిగెత్తాను. అవ్వ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆ పొట్టు పటపటమనే చప్పుడు విని నేను కింద కూలబడి ఏడ్చాను.

"యాడికి పోతాదే మీ యమ్మ, రేషన్ షాపు కాడుంది" అంది అవ్వ. సంగతి చెప్పాక చాట పక్కన పెట్టింది. "వచ్చేది ఎవురు? మన ప్రభువే కదా. ఇంటాయన వస్తాడంటే ఇల్లు ఊడ్చుకుంటారు, దీపం పెట్టుకుంటారు. మంచం కింద దూరతారా?" దొంగలాగ వస్తాడని రాసుందంట కదవ్వా అన్నాను. "ఆయన్ని ఎరగనోళ్లకి దొంగ. మనకి ఇంటాయన" అంది. పెద్దయ్యాక అదే ఉత్తరం ఐదో అధ్యాయం చదివితే పౌలు చెప్పిందీ అదే. మీరు చీకటిలో ఉన్నవాళ్లు కారు, ఆ దినం దొంగలాగ మీ మీదికి రాదు అని. అవ్వకి చదువు లేదు. విని విని గుర్తుపెట్టుకుంది.

ఆ ధైర్యం అవ్వకి ఊరికే రాలేదు. పెళ్లైన కొత్తలో టీబీ వచ్చి మదనపల్లె ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రిలో నెలల తరబడి పడుకుంది. బతకదన్న మనిషి తిరిగొచ్చింది. ఆ తర్వాత 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికిపోయిన సంగతి మీ ఇళ్లల్లో కూడా చెప్పుకునే ఉంటారు. రేపో మాపో పోయేవాళ్లం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారు. జూలై నెల, చెనక్కాయ విత్తే అదును. విత్తనాలకి దాచుకున్న కాయలు కూడా వేయించుకు తినేశారంట కొందరు. మా అవ్వ తాతని పోరుపెట్టి గొర్రు కట్టించి, విత్తనం వేయించింది. జూలై 11న స్కైలాబ్ పోయి పోయి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. మా చేలో మొలకలొచ్చాయి. ఆ ఏడు సగం ఊరు మా ఇంటికొచ్చి విత్తనం అప్పడిగింది.

అదీ విశ్వాసం అంటే. నేను చూసిన విశ్వాసం అది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇందాకటి నుంచీ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఆదివారం వచ్చిన ఆ అయ్యగారు నాకు కొత్త కాదు. 1999లో మా పల్లెకి వచ్చింది ఆయనే. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది, అంతే తేడా. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, బ్యాంకులు మూతపడతాయి, క్రీస్తు విరోధి బయటికొస్తాడు, ఇంక చదువులెందుకు, ఉద్యోగాలెందుకు అని యవనస్థుల కూడికల్లో చెప్పారు. మా అన్న అప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. పల్లెలో మొదటి డిప్లొమా వాడిదే అవుతుందని నాయన అందరికీ చెప్పుకునేవాడు. అన్న పుస్తకాలు అటక మీద పడేసి ఆయన వెంట కరపత్రాలు పంచడానికి పోయాడు. డిసెంబర్ 31 రాత్రి కూడికలో అందరం మోకాళ్ల మీద ఉన్నాం. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. శనివారం తెల్లారింది, పాలాయన వచ్చాడు, బస్సు వచ్చింది. అయ్యగారు ఒక్క మాట, పొరపాటైందన్న ఒక్క మాట, ఇన్నేళ్లలో చెప్పలేదు.

అన్న పరీక్షలకి పోలేదు. మళ్లీ కట్టలేదు. సిగ్గుపడి కాలేజీ వైపే పోలేదు. ఇప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర ఆటో తోలుతున్నాడు. ఆటో తోలడం తక్కువ పని అని నేననను, ఆ ఆటోతోనే ఇద్దరు బిడ్డల్ని చదివిస్తున్నాడు. కానీ ఆయన మా అన్నకి చదువెందుకు అని చెప్పిన ఆ సంవత్సరమే ఆయన కొడుకు ఎంసెట్ కోచింగులో ఉన్నాడు. ఇది తర్వాత తెలిసింది నాకు. తెలిసిన రోజు నుంచి ఇది నా గొంతులో ముల్లులాగ ఉంది. మా నాయన ఈ సంగతి తెలియకుండానే పోయాడు, అది ఒక్కటే నయం.

థెస్సలొనీకలో కూడా కొందరు పనులు మానేసి తిరిగారు. పౌలు వాళ్లని మెచ్చుకున్నాడా? పనిచేయనొల్లనివాడు భోజనం చేయకూడదు అని రాశాడు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి లెక్క నమ్మి, ప్రభువు వస్తాడని 1844 అక్టోబర్ 22 కోసం వేలమంది కాచుకున్నారు, కొందరు చేతికొచ్చిన పంట కోయకుండా వదిలేశారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, కాకపోయేసరికి అక్టోబర్ 21 అన్నాడు. మరుసటి ఏడాది, అలా తేదీ కట్టడం పాపమేనని ఒప్పుకున్నాడు. ఆయన కనీసం ఒప్పుకున్నాడు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప కుమారుడికి కూడా తెలియదని ప్రభువే చెబితే, మన అయ్యగార్లకి ఎక్కడి నుంచి తెలుస్తోంది?

ఇవి మాటలే కదా, మాటలతో ఏం పోతుంది అనేవాళ్లకి మా చిన్నమ్మ సంగతి చెబుతాను. 2021 మార్చిలో అరవై దాటినవాళ్లకి కోవిడ్ టీకా మొదలైంది. నేనే వేసేదాన్ని, రోజుకి వంద మందికి పైన. మా చిన్నమ్మకి అరవై మూడు. రానంది. టీకా అంటే బైబిల్లో చెప్పిన మృగం ముద్ర, వేయించుకుంటే రక్షణ పోతుందని ఎవరో వాయిస్ మెసేజ్ పంపారు, అది పదిసార్లు విని పెట్టుకుంది. ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయంలో ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో అని రాసుంది చిన్నమ్మా, నేను వేసేది ఎడమ భుజానికి అన్నాను. ఆ ముద్ర మృగానికి మొక్కేవాళ్లది, నువ్వు మొక్కేది యేసుకి కదా అన్నాను. "నా రక్షణ పోతాదేమో పాపా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మే నెలలో పోయింది. టీకా వేసుకుంటే కచ్చితంగా బతికేదని నేను చెప్పలేను. కానీ నలభై ఏళ్లు ప్రార్థన చేసిన మనిషి, దేవుడు తనని చిన్న సూదికి వదిలేస్తాడేమో అన్న భయంతో చివరి రోజులు గడిపింది. ఆ వాయిస్ మెసేజ్ పంపినవాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఆమె సమాధి దగ్గరికి తీసుకెళ్లి నిలబెడతాను.

హెచ్చరించడం తప్పా అంటారు. తప్పు కాదు. 2021 నవంబర్ వానలకి రాయలచెరువు కట్టకి నీళ్లు ఉబికినప్పుడు హెచ్చరిక ఎలా ఉందో మన తిరుపతివాళ్లు చూశాం. ఊళ్లు ఖాళీ చేయండి, ఫలానా చోటికి పోండి అన్నారు. ఇసుక బస్తాలు వేశారు. కట్ట నిలబడింది. మనిషికి ఒక దారి చూపిస్తేనే అది హెచ్చరిక. ఎనిమిదేళ్ల పిల్లకి మీరు చూపించిన దారి ఏది? చున్నీ ముడా?

ఆరోగ్యవరం కట్టినవాళ్లు, వెల్లూరులో 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్, వాళ్లందరూ ప్రభువు వస్తాడని నమ్మినవాళ్లే. మనకన్నా గట్టిగా నమ్మారు. వస్తున్నాడు కదా అని చేతులు ముడుచుకున్నారా? టీబీకి మందు లేని కాలంలో, దగ్గరికి పోతే అంటుకుంటుందని ఇంటివాళ్లే వదిలేసిన రోగులకి మంచాలేశారు, పాలు పట్టారు. 1909లో వెల్లూరులో నర్సుల బడి పెట్టారు. ఈ రోజు నేను తెల్ల యూనిఫాం వేసుకుని నాలుగు మెతుకులు తింటున్నానంటే అలాంటివాళ్లు తీసిన దారిలోనే. యుద్ధాలు, యుద్ధ సమాచారాలు వింటారు, "కలవరపడకుండ చూచుకొనుడి" అని ప్రభువు చెప్పిన మాట వాళ్లకి నిజంగా అర్థమైంది. మా వార్డులో చావు దగ్గరికొచ్చిన మనుషుల్ని పదిహేనేళ్లుగా చూస్తున్నాను. భయపెట్టి తెచ్చిన భక్తి ఆఖరి రాత్రి ఎవరికీ ఆసరా అవ్వడం నేను చూడలేదు. ప్రేమించే తండ్రి దగ్గరికి పోతున్నానని నమ్మినవాళ్లు మాత్రం నా చెయ్యి పట్టుకుని, నన్నే ఓదార్చి పోయారు.

నిన్న రాత్రి పాపకి ఇవన్నీ చెప్పలేదు. ఒకటే అడిగాను. వాళ్ల నాన్న పని బెంగళూరులో, పదిహేను రోజులకోసారి వస్తాడు, బస్సు ఎప్పుడు దొరికితే అప్పుడు.

"నాన్న ఎన్నింటికొస్తాడో నీకు ముందే తెలుసా?"

"తెలీదు."

"అర్ధరాత్రి గేటు గడియ చప్పుడైతే భయపడతావా?"

"ఊహూ. నాన్న కదా."

"నువ్వు నిద్రపోతుంటే?"

"ఎత్తుకుని లోపలికి తీసుకుపోతాడు."

ఎత్తబడడం అంటే అదే తల్లీ, ఎత్తుకోవడం అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది. ముడి తనే విప్పుకుంది. ఒకటి విప్పింది, రెండోది రాలేదు, నన్ను విప్పమంది. తర్వాత మూడున్నరకి ఇంకో బండి కూత పెట్టుకుంటూ పోయింది. లేవలేదు.

అయ్యగారూ, వచ్చే ఆదివారం పొద్దున ఆరాధనలో కూడా మీరే మాట్లాడతారని గ్రూపులో పెట్టారు. నేను డ్యూటీ మార్చుకున్నాను. పిల్లలందరినీ మళ్లీ ముందు వరసలో కూర్చోబెట్టండి, ఆ పద్దెనిమిదో వచనం వాళ్లకి చదివి వినిపించండి. మీరు చదవకపోతే నేను లేచి చదువుతాను. మైకు ఇవ్వకపోయినా పరవాలేదు, నా గొంతు వార్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా వినిపిస్తుంది.