మంచం పట్టకముందే ఆదుకోవాలి

పక్షవాతంతో కాలూచెయ్యి పడిపోయిన మనిషిని ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో నెల్లూరు పెద్దాసుపత్రికి తెస్తారు. డాక్టర్లు కష్టపడి ప్రాణం నిలబెడతారు. ఆ తర్వాత డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, ‘ఫిజియోథెరపీ చేయించండి’ అని చెప్పి పంపుతారు. ఊళ్లో అది ఎవరు చేస్తారో చెప్పే నాథుడు ఉండడు. ఒంగోలు నుంచి పల్లెకు తిరిగెళ్లే రోగుల పరిస్థితీ ఇంతే.

పక్షవాతం నుంచి కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో క్రమం తప్పకుండా వ్యాయామం చేయిస్తే, దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులోని మిగతా భాగాలు కొంతవరకు అందుకుంటాయి. తర్వాత కూడా మెరుగుపడతారు గానీ వేగం తగ్గుతుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. సరిగ్గా కూర్చోలేని మనిషిని వారానికి మూడుసార్లు కారు మాట్లాడుకుని తిప్పడం కూలి చేసుకునే కుటుంబానికి అయ్యే పనేనా? రెండుసార్లు తిరిగి మానేస్తారు. ఆనక పసరు మందులకు పోతారు. వాళ్లను తప్పుపట్టే అర్హత మనకు లేదు.

ఇక ఇంట్లో జరిగేది చూడండి. మంచం మీద నుంచి లేపడానికి పడిపోయిన చేతినే పట్టి లాగుతారు. కండరాల్లో పట్టు లేక భుజం కీలు జారుతుంది. ఆ నొప్పికి రోగి వ్యాయామం అంటేనే భయపడిపోతాడు. పడుకోబెట్టే గంజి తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని తెలియక నడుము కింద చర్మం ఎర్రబడి, పుండై, ఎముక దాకా పోతుంది. నర్సు ఇంటికొచ్చి ఒక అరగంట దగ్గరుండి చేసి చూపిస్తే వీటిలో చాలావరకు ఆగిపోతాయి. ఈ చాకిరీ అంతా ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతోంది. పొగాకు పనో, రొయ్యల ప్లాంటులో పనో మానుకుని, వచ్చే నాలుగు రూపాయలూ పోగొట్టుకుని వాళ్లు మంచం పక్కన కూర్చుంటున్నారు.

డబ్బున్నవాళ్లు ఏజెన్సీల నుంచి హోమ్ నర్సులను పెట్టుకుంటున్నారు. వచ్చిన మనిషి నర్సింగ్ చదివారో లేదో వాళ్లకూ తెలియదు. ఫిజియోథెరపిస్టుల వంటి వారి చదువుకూ నమోదుకూ నియమాలు తెచ్చిన కేంద్ర చట్టం 2021లోనే వచ్చింది. ఇంటికి పంపే ప్రతి ఒక్కరి చదువు, రిజిస్ట్రేషన్ వివరాలు ముందే కాగితం మీద ఇచ్చేలా జిల్లా వైద్యారోగ్య శాఖ పట్టుబట్టాలి.

మంచానికే పరిమితమైన పక్షవాత బాధితులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది న్యాయమైన సాయం, కొనసాగాలి. మనిషి మంచం పట్టాక నెలనెలా అంత ఇస్తున్న ప్రభుత్వం, లేచి తిరిగే అవకాశం ఉన్న ఆ మూడు నెలల మీద ఎందుకు ఖర్చు పెట్టదు? మేం అడిగేది ఇదే.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. మన విలేజ్ క్లినిక్‌లలోనూ నర్సింగ్ చదివిన సిబ్బంది ఉన్నారు. ఆశా కార్యకర్తకు ఊళ్లో ప్రతి గడపా తెలుసు. వైద్యం అందించే 104 వాహనం ఊళ్లకు వస్తూనే ఉంది, అందులో ఒక ఫిజియోథెరపిస్టును ఎక్కించవచ్చు. క్లినిక్ సిబ్బందికి పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలోనే శిక్షణ ఇప్పించవచ్చు. నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో డిశ్చార్జి రాసిన రోజే ఆ వివరాలు రోగి ఊరి క్లినిక్‌కు చేరాలి. వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. రెండు జిల్లాల కలెక్టర్లు కనీసం ఒక్కో మండలంలోనైనా దీన్ని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.