మేస్త్రీకి తెలిసిన పని సర్కారు ఆఫీసుకు తెలియదా?

ఉపాధి కల్పన కార్యాలయం ద్వారా ఉద్యోగం తెచ్చుకున్న ముప్పై ఏళ్లలోపు మనిషిని నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో వెతికి పట్టుకోవడం కష్టం. అందుకే ఆ ఆఫీసులను ఎత్తేస్తే పోలా అనేవాళ్లు ఎక్కువయ్యారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఇంత వలస ఉన్న జిల్లాలకు అంతకంటే అవసరమైన సర్కారు ఆఫీసు మరొకటి లేదు. కాకపోతే అది ఇప్పుడు చేస్తున్న పని మానేసి, చేయాల్సిన పని మొదలుపెట్టాలి. ఆ పని నేర్పడానికి హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లు రానక్కర్లేదు. కూలీలను గుంపులుగా దూరపు పనులకు తీసుకెళ్లే మన గుంపు మేస్త్రీలకు అది కొట్టిన పిండి.

పాత కథ తెలిసిందే. పదో తరగతి పాసవగానే పేరు రాయించుకోవడం, మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్, సీనియారిటీ లెక్కన కాల్ లెటర్ కోసం ఎదురుచూపు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో పుట్టిన వ్యవస్థ క్రమంగా సర్కారు కొలువుల క్యూగా మారింది. సర్కారు శాఖలు ఈ ఆఫీసు, అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి, పంపిన పేర్లతోనే సరిపెట్టుకోకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసు, మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిందే. న్యాయమైన తీర్పు. కానీ క్యూ నడపడం తప్ప మరో పని నేర్చుకోని ఆఫీసుకు ఆ తర్వాత చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇక మేస్త్రీ సంగతి. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లలో, దేవరకొండ తండాల్లో అతను ఏం చేస్తాడో చూడండి. ముంబయిలోనో పుణెలోనో ఏ బిల్డింగ్ లేస్తోంది, ఎన్ని జంటలు కావాలి, ఎన్ని నెలల పని అన్న కబురు ముందే ఊరికి మోసుకొస్తాడు. ఎవరికి ఏ పని చేతనవుతుందో, ఎవరింట్లో పెళ్లి అప్పుందో అతనికి తెలుసు. చేతిలో అడ్వాన్సు పెడతాడు, బస్సెక్కిస్తాడు, దిగాక తల దాచుకునే చోటు చూపిస్తాడు. ‘వీళ్లు నా మనుషులు’ అని కాంట్రాక్టర్ దగ్గర పూచీ పడతాడు. పని దొరకాలంటే కావాల్సినవి ఇవే కదా. ఖాళీ ఎక్కడుందో తెలియాలి, ఒకరు మన తరఫున మాట్లాడాలి, మొదటి జీతం చేతికొచ్చేదాకా ఖర్చులు గడవాలి.

వీటికి అతను తీసుకునే ధర మామూలుది కాదు. అడ్వాన్సు తీరేదాకా మనిషి అతని చేతిలో ఉంటాడు. లెక్కంతా అతని నోట్‌బుక్‌లోనే. కూలీలో కోత పడుతుందని తెలిసీ జనం అతని గడపే ఎందుకు తొక్కుతారు? అతని దగ్గర పని ఉంది. ఆఫీసు దగ్గర ఫారం ఉంది.

జర్మనీలో ఉపాధి సంస్థ మేస్త్రీ పనినే జీతం తీసుకుని చేస్తుంది. నిరుద్యోగికి ఒక అధికారిని కేటాయిస్తారు. కంపెనీల చుట్టూ తిరిగి ఖాళీలు సేకరించడానికి విడిగా సిబ్బంది ఉంటారు. నిరుద్యోగ భృతి చెల్లించేదీ ఆ సంస్థే, కాబట్టి పని పోయినవాడు అక్కడికి రాక తప్పదు. మనం అంత దూరం పోలేమంటారా? సరే, ఇక్కడిదే చెప్తాను. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ యువతకు ఉపాధి చూపే సర్కారు మిషన్ ఈజీఎంఎం కింద మండల స్థాయిలో జేఆర్పీలు (జాబ్ రిసోర్స్ పర్సన్లు) అనే సిబ్బందిని పెట్టి, గ్రామీణ యువతను వెతికి పట్టుకుని, శిక్షణ ఇప్పించి, ఉద్యోగాల్లోకి పంపారు. లోటుపాట్లు ఉన్నాయేమో కానీ దారి అదే. ఆఫీసు ఊరికి పోయింది. ఇప్పుడేమో ఊరే ఆఫీసుకు రావాలి, బయోడేటా, సర్టిఫికెట్ల జిరాక్సులతో జాబ్ మేళాకు హాజరు కావాలి. మేళాలో దొరికేది ఎక్కువగా సేల్స్, డెలివరీ, టెలీకాలర్ పనులు. హైదరాబాద్‌లో గది అద్దె కడితే ఆ జీతంలో మిగిలేదెంత? ఎంతమంది ఎంపికయ్యారన్నది మర్నాడు పేపర్లో వస్తుంది. ఆరు నెలల తర్వాత వాళ్లలో ఎంతమంది ఆ పనిలో ఉన్నారన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో ఆ ఆఫీసు పనితీరును కొలవాల్సింది ఆ ఒక్క అంకెతోనే.

ఉద్యోగాలే లేనప్పుడు ఆఫీసు ఏం చూపిస్తుంది, ఫోన్ ఉండగా ఆఫీసెందుకు అనేవాళ్లు ఉన్నారు. నిజమే, కేంద్రానికి 2015 నుంచి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, రాష్ట్రానికి ‘డీట్’ అనే డిజిటల్ ఎక్స్ఛేంజి ఉంది. డిగ్రీ చదివి రెజ్యూమె రాసుకోగలిగే పిల్లలకు అవి పనికొస్తాయి కూడా. కానీ పూచీ పడే పని యాప్ చేయదు.

ఇక ఉద్యోగాలే లేవన్న మాట. పనులు ఇక్కడా ఉన్నాయి, చేసేది బయటివాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా కూలీలు సొంతూళ్ల దారి పడితే, బిహార్‌లోని ఖగడియా నుంచి రైస్ మిల్లు హమాలీలు ప్రత్యేక రైల్లో లింగంపల్లిలో దిగారు. అక్కడి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ వంటి చోట్లకు వెళ్లారు. ఆ రోజుల్లోనే పాలమూరు జనం ముంబయి నుంచి నానా తిప్పలు పడి ఇల్లు చేరుతున్నారు. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను తప్పు పట్టే మాట కాదిది. వాళ్లదీ మనలాంటి బతుకే. ఇంటికి దూరంగా ఉన్న కూలీ ఎదురు మాట్లాడడు, పండక్కి సెలవడగడు. కాంట్రాక్టర్లు అన్నిచోట్లా దూరపు మనిషినే కోరుకునేది అందుకే. మనవాళ్లు అక్కడికి, వాళ్లు ఇక్కడికి. మధ్యలో పైకం మిగిలేది కాంట్రాక్టర్‌కు, మేస్త్రీకి.

నా అసలు కోపం ఇక్కడే. సర్కారు భూములు సేకరించి పరిశ్రమలకు ఇచ్చింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌కు భూములు పోయిన రైతులు కడుపు మండి 2008 ఉప ఎన్నికలో స్వతంత్రులుగా నిలబడ్డారు. ఇప్పుడక్కడ ఫార్మా కంపెనీలున్నాయి. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. దివిటిపల్లిలో బ్యాటరీ ఫ్యాక్టరీ వస్తోంది. ప్రతి శంకుస్థాపనలో ‘స్థానికులకు ఉద్యోగాలు’ అనే వాక్యం ఉంటుంది. స్థానికులకు ఎక్కువ ఉద్యోగాలిచ్చే కంపెనీలకు అదనపు రాయితీలిస్తామని 2020 ఆగస్టులో అప్పటి మంత్రివర్గం విధానమే ఆమోదించింది. ఇచ్చారో లేదో లెక్క తేల్చేదెవరు?

ఆ అధికారం ఉపాధి ఆఫీసుకు చట్టంలోనే ఉండేది. పాతిక మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్ఛేంజికి ముందే తెలపాలని, మూడు నెలలకోసారి ఉద్యోగుల లెక్క పంపాలని 1959 చట్టం చెప్పింది. జరిమానా మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ తప్పు చేస్తే 1,000. ఇంత భయంకరమైన శిక్షకు ఏ ఫ్యాక్టరీ యజమాని వణుకుతాడు! పైగా ఖాళీ చెప్పినా ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోవాలన్న బంధనం లేదు. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఎక్స్ఛేంజి పేరు కెరీర్ సెంటర్ అయింది, పరిమితి పాతిక నుంచి ఇరవైకి దిగింది. అమలు చేయించే సిబ్బంది లేకపోతే పేరు మారి ప్రయోజనం లేదు.

స్థానికులకు 75 శాతం కోటా అంటూ హరియాణా తెచ్చిన చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది. కాబట్టి ఆ దారి మనకొద్దు. ఖాళీ ఉందని చెప్పు, మా మనిషిని ఇంటర్వ్యూకి పిలువు, తీసుకోకపోతే ఎందుకో రాసివ్వు అని అడగడానికి కోటా అక్కర్లేదు. రాయితీ తీసుకుంటున్న కంపెనీకి ఈ షరతు పెట్టడంలో అన్యాయం ఏముంది?

ఇంకో వింత. సర్కారు ఆఫీసుల్లో అటెండర్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల ద్వారా వస్తున్నారు. ఆ ఏజెన్సీలను అర్హుల జాబితాలో చేర్చే (ఎంప్యానెల్‌మెంట్) ఫైలు నడిచేది ఉపాధి కల్పనాధికారి మీదుగానే. నిరుద్యోగుల పేర్లు తన దగ్గరే ఉన్న ఆఫీసు, మనుషులను పంపే పనిని కమీషన్ తీసుకునే ఏజెన్సీకి అప్పగిస్తోంది. ఆ కమీషన్ డబ్బుతో మండలానికొక జేఆర్పీని మళ్లీ పెట్టుకోవచ్చు. వలస పోక తప్పని కుటుంబానికి వడ్డీ లేని దారి ఖర్చులు ఇప్పించి, మేస్త్రీ అడ్వాన్సు నుంచి తప్పించనూ వచ్చు.

పరిశ్రమల రాయితీలు తేల్చే జిల్లా కమిటీకి అధ్యక్షత వహించేది కలెక్టరే. అక్కడ ఉపాధి కల్పనాధికారికి ఒక కుర్చీ వేసి, మాట్లాడనివ్వండి. ఖాళీల లెక్క, స్థానికుల లెక్క జతచేయని ఫైలును తర్వాతి మీటింగ్‌కు వాయిదా వేయండి. రాయితీ ఆగితే ఆ లెక్క ఎన్ని రోజుల్లో వస్తుందో చూద్దాం.