పట్టా ఇంగ్లీషులో, పిల్లాడి కష్టం తెలుగులో

బీఈడీ చేయాలనుకునే కుర్రాళ్లను ఈమధ్య కదిలిస్తే "స్పెషల్ చేస్తే బెటర్ అంటున్నారు సార్" అంటున్నారు. కారణం అందరికీ తెలిసిందే. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల పోస్టులు. ఆంధ్రప్రదేశ్ 2025లో ఇలాంటివే 2,260 పోస్టులు మంజూరు చేసింది. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో ఒకసారి, 2025 మార్చిలో మరోసారి ఈ టీచర్లను నియమించాలని గట్టిగా చెబితే తప్ప ప్రభుత్వాలు కదల్లేదు. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలన్నది ఇప్పుడు నిబంధన.

పోస్టులు రావడం మంచిదే. మండలాల మీద పంచి చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో మండలానికి మూడు పైచిలుకు, తెలంగాణలో రెండు కూడా రావు. ఆ లెక్క మీద ఇంకా కొట్లాడాల్సిందే. అయితే పోస్టుల మీద ఇంత చర్చ జరుగుతున్నా, ఆ పోస్టుకు అర్హత ఇచ్చే పట్టాలో ఏముందని మాత్రం ఎవరూ అడగడం లేదు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు చదివే స్పెషల్ బీఈడీ, తెలుగు పిల్లాడికి తెలుగు చదవడం ఎక్కడ కష్టమవుతుందో నేర్పకుండానే టీచర్లను బయటికి పంపుతోంది. దీన్ని సరిచేయకుండా ఎన్ని వేల పోస్టులు నింపినా, ఎక్కువ మంది పిల్లలు వెనక బెంచీలోనే ఉండిపోతారు.

ఈ చదువును చూసుకునేది 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందరూ ఆర్సీఐ అంటారు. దాని రిజిస్టర్‌లో నంబరు లేనిదే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడానికి లేదు. చేరేటప్పుడే విద్యార్థి ఒక వైకల్యాన్ని ఎంచుకోవాలి. మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, అభ్యసన వైకల్యం, ఆటిజం వంటి వాటిలో ఏదో ఒకటి. మిగతావి పరిచయ పేపర్లుగా వస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ మేధో వైకల్యం మీద దేశానికే దారి చూపింది. అక్కడ తయారైన మదింపు పత్రాలను దేశమంతా వాడుతున్నారు. అలాంటి సంస్థ మన గడ్డ మీదే ఉండటం చిన్న విషయం కాదు, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

కానీ పట్టా చేతికొచ్చాక ఆ టీచరు వెళ్లేది ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండల కేంద్రంలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికో, చుట్టుపక్కల ఊళ్ల బడులకో. అక్కడ వినికిడి లోపం ఉన్న పాప, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబు, ఆటిజం ఉన్నట్టు ఇంకా ఎవరూ గుర్తించని పిల్లాడు ఒకే గదిలో కనిపిస్తారు. వికలాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అవన్నీ ఏదో ఒక ఊళ్లో ఉంటాయి. వీటికి తోడు ఏ సర్టిఫికెట్టూ లేని వాళ్లు, పేరుకు మామూలు పిల్లలే అయినా ఐదో తరగతికొచ్చి మూడో తరగతి వాచకం కూడబలుక్కుని చదివే వాళ్లు ఉంటారు. నా వ్యాసం ముఖ్యంగా ఈ చివరి వాళ్ల గురించి.

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం మీద మన ట్రైనీలు చదివే పుస్తకం తెరిచి చూడండి. బీ, డీ అక్షరాలు తారుమారు కావడం, పలకని అక్షరాలున్న ఇంగ్లీషు మాటల స్పెల్లింగు తప్పడం, ఇవే ఉదాహరణలు. ఇంగ్లీషు చదివే పిల్లాడికి ఆ కష్టాలు నిజమే. తెలుగు చదివే పిల్లాడి ఇబ్బంది వేరే చోట ఉంటుంది. మన లిపిలో రాసినట్టే పలుకుతాం కాబట్టి, కష్టం ఉన్న పిల్లాడు కూడా నిదానంగా, ఒక్కో అక్షరం పట్టుకుని చివరికి సరిగ్గానే చదివేస్తాడు. తప్పులు తక్కువ, వేగం కూడా తక్కువ. అక్షరానికీ ధ్వనికీ గట్టి లంకె ఉన్న ఇటాలియన్, జర్మన్ లాంటి భాషల్లో చదువు కష్టం ఇలా నెమ్మది రూపంలోనే బయటపడుతుందని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. తప్పులు లెక్కపెట్టడమే నేర్చుకున్న టీచరుకు ఈ పిల్లాడు దొరకడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో మర్చిపోతాడు. సోషల్ పేపర్లో జవాబు తెలిసినా ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపు టైమ్ అయిపోతుంది. అతనికి పడే ముద్ర "బద్ధకం".

ఇక అక్షరాల సంగతి. మ, య, ఘ పక్కపక్కన పెట్టి చూడండి. ప, వ, ష చూడండి. డ, ద, ధ, థ చూడండి. ఒక చిన్న గీత, ఒక చుక్క, ఒక తలకట్టు తేడాతో మాటే మారిపోతుంది. గుడి, గుడిదీర్ఘం మధ్య తేడా ఒక చిన్న మెలిక. ఐత్వంలో సగం గుర్తు అక్షరం పైన, సగం కింద ఉంటుంది. "క్ర" రాసినప్పుడు క్రావడి అక్షరానికి ఎడమ పక్కనుంచి మొదలవుతుంది. అంటే కంటికి ముందు ర తగులుతుంది, నోటితో మాత్రం ముందు క పలకాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో స, త, ర, దీర్ఘం అన్నీ పైనా కిందా చేరి ఉంటాయి. మామూలు పిల్లలకే గుణింతాలు, ఒత్తులు గట్టిపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కన్నడ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది, వాళ్ల లిపి మనకు అక్కచెల్లెలు లాంటిది. కాబట్టి రెండో తరగతిలో ఒత్తులు రాకపోతే అది సహజమా, సమస్యా? నాలుగో తరగతిలో రాకపోతే? ఏ ఒత్తులు ముందు రావాలి, ఏవి ఆలస్యమైనా ఫర్వాలేదు? దీనికి జవాబు తెలిసిన టీచరు ఆర్నెల్లు ముందే పిల్లాడిని పట్టుకోగలదు. ఆ జవాబు స్పెషల్ బీఈడీ సిలబస్‌లో ఉండాలి. ఇది లేని అభ్యసన వైకల్యం పేపరు తెలుగు నేల మీద సగం పేపరే.

పరీక్షా సాధనాల పరిస్థితీ అంతే. నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ భారతీయ భాషల కోసం తయారుచేసిన డిస్లెక్సియా మదింపు సాధనం డాలి 2015లో వచ్చింది. హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో మొదలైంది. ఎనిమిది కోట్లకు పైగా మనుషులు మాట్లాడే తెలుగు ఆ మొదటి వరసలో లేదు. తప్పు ఢిల్లీదే అని నేను అనను. మన విశ్వవిద్యాలయాల్లో ఏటా ఇన్ని ఎంఈడీ డిసర్టేషన్లు రాస్తున్నారు కదా, వాటిలో కొన్నైనా తెలుగు పిల్లల పఠన వేగం మీద, ఒత్తుల మీద రాయించి ఉంటే ఈపాటికి మనకంటూ ఒక పట్టిక ఉండేది. తరగతి వారీగా నిమిషానికి ఎన్ని మాటలు చదవాలన్న పట్టిక తయారు చేయడానికి పెద్ద ల్యాబులు అక్కర్లేదు. పిల్లలు, వాచకం, గడియారం ఉంటే చాలు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే డిస్లెక్సియా ఒక్కటే కాదు, సైగల భాష, బ్రెయిలీ, ప్రవర్తనా చికిత్స వంటివి లోతుగా నేర్వాల్సినవి, ఉన్న రెండేళ్లలో తెలుగు లిపిశాస్త్రం కూడా కుక్కితే ఏదీ సరిగా రాదని ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు అంటారు. బధిర పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకు సైగలు సగం సగం వస్తే సరిపోదన్నది నిజం. కానీ నేను అడుగుతున్నది కొత్త బరువు కాదు. ఇంగ్లీషు ఉదాహరణలతో ఇప్పటికే చెబుతున్న పాఠాన్నే తెలుగు ఉదాహరణలతో చెప్పమంటున్నాను. బ్రెయిలీ వాళ్లకైనా ఇది కావాలి. 1951లో ఖరారైన భారతి బ్రెయిలీలో, అంటే భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న బ్రెయిలీలో ఒత్తు కిందికి దిగదు, అన్నీ ఒకే వరసలో సాగుతాయి. చూపున్న పిల్లాడు కిందికి చూసి చదివేదాన్ని చూపులేని పిల్లాడు వేలితో పక్కకు జరిపి చదువుతాడు. ఈ తేడా అర్థమైన టీచరే ఒకే తరగతిలో ఇద్దరికీ పాఠం చెప్పగలదు.

అసలు ఈ సమస్య స్పెషల్ బీఈడీతో పుట్టలేదు. పిల్లాడి భాషను చదువు బయట నిలబెట్టడం మనకు ఎప్పటినుంచో అలవాటు. హైదరాబాద్‌లో ఏ థెరపీ సెంటరుకైనా వెళ్లండి. మాటలు ఆలస్యమైన పిల్లాడి తల్లిదండ్రులకు "ఇంట్లో ఒకటే భాష మాట్లాడండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం లేదు. ఈ సలహా పాటించిన ఇంట్లో అమ్మమ్మ మాట్లాడటం మానేస్తుంది. రోజంతా పిల్లాడి దగ్గర ఉండేది ఆమే. కష్టపడి పది మాటలు నేర్చిన పిల్లాడికి ఆ మాటలు ఇంట్లో అర్థం చేసుకునే మనిషి ఉండదు.

బడిలోనూ ఇదే తీరు. వైకల్యం ఉన్న పిల్లలకు రెండో, మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని 2016 చట్టం చెబుతోంది. ఉద్దేశం దయతో కూడినదే. కానీ ఇంగ్లీషు మీడియం బడిలో ఈ మినహాయింపు తరచూ పడేది తెలుగు మీదే. రాసినట్టే పలికే భాషను, ఇంట్లో రోజూ వినే భాషను తీసేసి, స్పెల్లింగుకూ పలుకుకూ పొంతన తక్కువైన భాషను ఉంచుతున్నాం. చదవడం కష్టమైన పిల్లాడికి ముందు దొరకాల్సింది తేలికైన దారి కదా! మన్యంలో, ఆదిలాబాద్‌లో ఇంకో చిక్కు. కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లాడు ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు మౌనంగా కూర్చుంటే అది భాష రాకపోవడమా, మేధో వైకల్యమా అని తేల్చాల్సింది స్పెషల్ టీచరే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసిన అనుభవం మన విద్యాశాఖకు ఉంది. ఆ వాచకాలు, వాటిని రాసిన టీచర్లు ఎక్కడున్నారో వెతికి ఈ కోర్సులోకి తేవచ్చు.

సిలబస్ మార్చేది ఆర్సీఐ కాబట్టి రాష్ట్రాల చేతిలో ఏమీ లేదని అధికారులు అనొచ్చు. రాష్ట్రాల చేతిలో ఉన్నవి తక్కువేమీ కాదు. డీఎస్సీ పేపరు రాష్ట్రమే తయారు చేస్తుంది. అందులో తెలుగు పఠన సమస్యల మీద పది మార్కుల ప్రశ్నలు పెడితే కోచింగ్ సెంటర్లు, కాలేజీలు వాటంతట అవే ఆ పాఠం చెప్పడం మొదలుపెడతాయి. ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణ కూడా రాష్ట్రానిదే. ఆ శిక్షణ ఎవరిస్తారంటే, సమాధానం మన కళ్ల ముందే ఉంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకంలో కాంట్రాక్టు మీద భవిత కేంద్రాలు నడుపుతున్న ఐఈఆర్పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. కొందరు పదిహేనేళ్లకు పైగా పల్లె పల్లె తిరిగారు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పారు. తెలంగాణలో 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు ఆ కేంద్రాల పిల్లలకు ఎవరూ దిక్కులేకపోవడం చూశాం. ఇలాంటి వాళ్లను ముగ్గురు సభ్యుల కమిటీతో పరిశీలించి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2025 తీర్పులోనే ఉంది.

వాళ్లను పర్మినెంట్ చేసి, స్పెషల్ బీఈడీ చదివే ప్రతి విద్యార్థికీ ఒక సెమిస్టర్ ప్రాక్టీస్‌ను వాళ్ల చేతికింద, భవిత కేంద్రంలో పెట్టాలి. సిటీలోని స్పెషల్ స్కూల్‌లో తెర వెనక కూర్చుని గమనించే ప్రాక్టీస్ బదులు, ఆ విద్యార్థి వారానికి మూడు ఊళ్ల బడులు తిరగాలి. ఐదుగురు పిల్లల చేత తెలుగు వాచకం గట్టిగా చదివించాలి, ఎవరు ఎక్కడ ఆగారో, ఏ ఒత్తు దగ్గర తడబడ్డారో రాసుకోవాలి. ఆ రికార్డుకు మార్కులు వేసేది కాలేజీ లెక్చరర్‌తో పాటు ఆ మండలం ఐఈఆర్పీ కూడా అయి ఉండాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే అడ్మిషన్లలోపు ఆర్సీఐకి ఈ ప్రతిపాదన పంపాలి.