నెర్గుయ్ అనే పేరును చూసి నవ్వేవారికి

ప్రపంచంలోని వింత పేర్లంటూ చేతులు మారుతున్న జాబితాలలో మంగోలియాకు చెందిన నెర్గుయ్ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. దాని అర్థం ‘పేరు లేదు’ అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ తగిలించి వదిలేస్తారు. ఆ తల్లిదండ్రులకు పేరు వెతికే ఓపిక కూడా లేకపోయిందన్నట్టు సాగే ఈ వెటకారం నాకు మింగుడుపడదు. నా దృష్టిలో అంత జాగ్రత్తగా, అంత భయంతో ఆలోచించి పెట్టిన పేర్లు అరుదు.

మంగోల్ భాషలో ‘నెర్’ అంటే పేరు, ‘గుయ్’ అంటే లేనిది. వరుసగా బిడ్డలు పోయిన ఇంట మళ్ళీ కాన్పు జరిగినప్పుడు, పసివాళ్ళను ఎత్తుకుపోయే దుష్టశక్తికి ఈ బిడ్డ ఆనవాలు దొరకకూడదని అలా పిలుస్తారు. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’, తెర్బిష్ అంటే ‘అది కాదు’, ఖున్‌బిష్ అంటే ‘మనిషి కాదు’, మూనొఖొయ్ అంటే ‘చెడ్డ కుక్క’. వెతుక్కుంటూ వచ్చిన దయ్యానికి గుమ్మంలోనే పేరు అబద్ధం చెప్పి పంపేస్తుందన్నమాట. రాత్రివేళ పసిబిడ్డను బయటికి తీసుకువెళ్ళవలసి వస్తే ముఖాన మసి రాసే ఆచారం కూడా అక్కడ ఉంది. మంగోలియాలో తండ్రి పేరు బిడ్డ పేరుకు ముందు చేరుతుంది కనుక, నెర్గుయ్ పిల్లలు జీవితమంతా ‘పేరు లేనివాడి’ సంతానంగానే కాగితాలకెక్కుతారు. అందులో వారికి చిన్నతనమేమీ లేదు. 2000లో ఆ దేశపు పార్లమెంటుకు అధ్యక్షుడై, మరుసటి సంవత్సరం ఆ పదవిలో ఉండగానే మరణించిన నాయకుడి పేరు ఎనెబిష్.

తుర్కియే (టర్కీ), కజఖ్‌స్తాన్ వంటి దేశాలలో మాట్లాడే తుర్కిక్ భాషలలోనూ ఈ భయం ఉంది గాని, అక్కడ అది ఎక్కువగా ప్రార్థన రూపంలో వినిపిస్తుంది. తుర్కియేలో దుర్సున్ అంటే ‘ఉండిపోనీ’, యషార్ అంటే ‘బతుకుతాడు’. ఇవన్నీ విని నవ్వే మనవాళ్ళు తమ తాతల పేర్లను ఒకసారి తలచుకోవాలి. పుట్టినవాళ్ళు దక్కకపోతే బిడ్డను పెంటకుప్ప మీద ఉంచి తిరిగి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అన్నారు; తవుడుకు అమ్మినట్టు చేసి మళ్ళీ తీసుకుని తవిటయ్య అన్నారు. ఇప్పుడు ఆ పేర్లు పలకడానికే మనుమలు మొహమాటపడుతున్నారు, సినిమాలలో అవి హాస్యపాత్రలకు మిగిలాయి.

అలాగని పాత పేర్లన్నిటినీ నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. కజఖ్ కుటుంబాలలో ఆడపిల్లకు ఉల్‌బొల్సిన్ అని పేరు పెట్టడం ఉంది. ‘మగబిడ్డ కావాలి’ అని దాని భావం. తరువాతి కాన్పులో కొడుకు పుట్టాలన్న కోరికను ఎదురుగా ఉన్న కూతురి నెత్తిన రుద్ది, జీవితాంతం ఆమె చేత మోయించడమే అది. తుర్కియేలో ఆడపిల్లకు పెట్టే యెతెర్ అనే పేరుకు ‘ఇక చాలు’ అని అర్థం. సంప్రదాయమనే ముసుగు కప్పి వీటిని నెర్గుయ్‌తో ఒకే గాటన కట్టే వ్యాసాలు కూడా ఉన్నాయి. నెర్గుయ్ అని పిలిచిన తల్లి ఆ బిడ్డ తనకు దక్కితే చాలనుకుంది. ఉల్‌బొల్సిన్ అని పిలిచిన ఇల్లు ఆ బిడ్డకు బదులు మరొకరిని కోరుకుంది. ఈ రెండింటికీ ఒకే గౌరవం ఇమ్మంటే నేను ఒప్పుకోను.