సొప్రానోని చెవులతో వినకండి

ఒపెరా అనే పాటల నాటకంలో సొప్రానో (అందరికన్నా పైస్థాయిలో పాడే గాయని) గొంతు బాగుందో లేదో చెవులతో తేల్చుకోవచ్చనే దురభిప్రాయం ఈమధ్య బాగా ప్రబలింది. ముందు ఏ గాయని అభిమానుల వర్గంలో చేరాలో ఎంచుకోవాలి, ఆ తర్వాత టికెట్ కొనాలి. పాట సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఈ పద్ధతికి ఘనమైన చరిత్రే ఉంది. 1727 జూన్ 6న లండన్ కింగ్స్ థియేటర్‌లో స్వరకర్త బొనొంచీని ఒపెరా. వేదిక మీద ఇద్దరు ఇటలీ గాయనీమణులు. ఫ్రాంచెస్కా కుజ్జోని నెమ్మదైన విషాద గీతంతో జనాన్ని కరిగించేది. ఫౌస్తీనా బోర్డోని ఎంత వడిగా పాడినా ఒక్క స్వరమూ చెదిరేది కాదు. చెరో విద్య, ఇద్దర్నీ వినొచ్చు కదా అంటారా? లండన్ పెద్దమనుషులు అంత అమాయకులు కారు. ఈలలు, పిల్లికూతలు! యువరాణి కరోలిన్ హాల్లోనే ఉన్నా ఎవరూ తగ్గలేదు. గాయనులే జుట్లు పట్టుకున్నారని కరపత్రాలు రాశాయి గానీ, అసలు గోలంతా అభిమానులదే. ఆ సీజన్ ఆ రాత్రితోనే ముగిసింది. ఐదు రోజులకు మొదటి జార్జ్ రాజుగారు పోయారు, దానికీ దీనికీ సంబంధం లేదు లెండి.

1950లలో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా థియేటర్ ఇద్దరు సొప్రానోలతో ఈ సంప్రదాయాన్ని నిలబెట్టింది. మరియా కలాస్ 1949 జనవరిలో వెనిస్‌లో స్వరకర్త వాగ్నర్ ఒపెరాలో బ్రున్‌హిల్డ పాత్ర పాడి, అదే నెలలో మరో స్వరకర్త బెల్లీని ఒపెరాలో ఎల్వీరా పాత్ర కూడా పాడేసింది. మొదటిదానికి బరువైన గొంతు కావాలి, రెండోదానికి గమకాల్లో చకచకా తిరిగే తేలికపాటి గొంతు. రెండో సొప్రానో రెనాటా తెబాల్ది గొంతేమో కింది నుంచి పైదాకా ఒకటే నునుపు. కలాస్ వర్గానికి ఆ నునుపు చప్పగా ఉండేది, తెబాల్ది వర్గానికి కలాస్ పైస్థాయి వణుకు క్షమించరాని నేరం. ఇప్పటి గాయనుల్ని మాత్రం రెండు వర్గాల వారసులూ కలిసికట్టుగా తిడతారు. మా తాతలు నేతులు తాగారు కదా!

ఇక మాటలు అర్థం కావట్లేదనే ఫిర్యాదు. సొప్రానో పాడే ఎత్తైన స్వరం పై 'సి' దగ్గర సెకనుకు వెయ్యికి పైగా కంపనాలుంటాయి. అంత ఎత్తున 'ఈ' అన్నా 'ఊ' అన్నా ఇంచుమించు 'ఆ'లాగే వినబడుతుంది. ప్రేమించినా శపించినా ఆ ఒక్క 'ఆ'నే. ఇది భౌతికశాస్త్రం చేసిన పని, అయినా తిట్లు గాయనికే పడాలి, శాస్త్రానికి అభిమానులుండరు కాబట్టి. అర్థం కోసం వేదిక పైన తెర మీద అనువాదం వేసే ఏర్పాటు 1983లో టొరంటోలో మొదలైంది. పాపం, ఆ తెర కోసం ఇంతవరకూ ఎవరూ ఈల వేయలేదు.